నీలి పొగ ఎప్పుడొస్తోందో చూశారా?

పొగ గురించి భిలాయి వాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించిన దగ్గర్నుంచీ ఈ ఊరు చిమ్నీలని చూస్తూనే పెరిగింది. కోక్ ఒవెన్ల వైపు ఉన్నట్టుండి తెల్లగా ఒక మేఘం లేస్తే అది పొగ కాదనీ, ఎర్రగా కాలుతున్న కోక్ మీద నీళ్లు కొట్టినప్పుడు లేచిన ఆవిరనీ ఇక్కడి పిల్లలకి కూడా తెలుసు. స్టీల్ మెల్టింగ్ షాపు మీద ఇటుకరంగు పొగ కనిపిస్తే అది ఇనుము కాలి లేచిన ధూళి. ఏ రంగు పొగ, ఏ పని జరుగుతుండగా వచ్చింది అన్న రెండు సంగతులూ కలిపి చూస్తేనే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుందని ప్లాంటులో పనిచేసిన ప్రతివాడికీ అనుభవమే. కానీ సొంత కారు వెనకాల నీలంగా పొగ కనిపించేసరికి ఆ అనుభవం పక్కన పెట్టేస్తాం. గ్యారేజీలో ఎవరు ఏం చెబితే అదే నమ్మి ఇంజన్ విప్పించేస్తాం. దాని గురించే ఈ నాలుగు మాటలు.

నేను ప్లాంటులో రైలింజన్ల షెడ్డులో డీజిల్ ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. మా నాన్నగారు ప్లాంటు కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాలాంటి కుటుంబాలు ఈ టౌన్‌షిప్‌లో ప్రతి సెక్టారులోనూ ఉన్నాయి. సాయంత్రం సెక్టార్ 5 బాలాజీ గుడికి వెళితే, దర్శనం చేసుకుని బయటికి వచ్చేలోపే ఎవరో ఒకరు పట్టుకుంటారు. "బాబాయ్, మన బండి మోబిలాయిలు తాగేస్తోంది, ఒక్కసారి చూద్దురూ" అంటారు. అలా చూడమని వచ్చేవన్నీ దాదాపు పాత కార్లే. ఉద్యోగంలో ఉండగా కొనుక్కున్న మారుతీ 800, జెన్, ఆల్టో. మారుతీ 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. అయినా రిసాలీలోనో, హుడ్కోలోనో ఏ వీధిలోకి వెళ్లినా ఒకటి కనిపిస్తుంది. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ నడుపుతున్నారు. పెన్షన్ మీద బతికేవాళ్లకి ఇంజన్ పని అంటే చిన్న ఖర్చు కాదు. అందుకే అక్కర్లేని చోట ఇంజన్ విప్పారంటే నాకు మనసు ఒప్పదు.

ఆయిల్ తగ్గుతోందంటే అది నేల మీదికైనా పోవాలి, ఇంజన్‌లో కాలైనా పోవాలి. ముందు నేల సంగతి తేల్చుకోవాలి. రాత్రి బండి పెట్టేటప్పుడు ఇంజన్ కింద ఒక పెద్ద అట్టముక్క పరచండి. పొద్దున్న దాని మీద మరకలుంటే, అవి ఏ చోట పడ్డాయో చూసి పైకి వెతుక్కుంటూ పోవచ్చు. పాత బండ్లలో హెడ్ కవర్ గాస్కెట్ గట్టిపడి, ఆయిల్ ఇంజన్ పక్కనుంచి సన్నగా కారి వేడి ఎగ్జాస్ట్ మీద పడుతుంది. అప్పుడు బానెట్ కిందనుంచి మాడు వాసన, కాస్త పొగ. అది సైలెన్సర్‌లోంచి వచ్చే పొగ కాదు. ఈ తేడా చూడకుండా ఇంజన్ ఆయిల్ తాగుతోందని తీర్మానించినవాళ్లని నేను చాలామందిని చూశాను. డ్రెయిన్ బోల్టు, ఆయిల్ ఫిల్టర్, క్రాంక్ సీళ్లు కూడా చూడాల్సిన చోట్లే.

తరవాత కొలత. బండి చదునైన చోట ఆపి, ఇంజన్ చల్లారాక డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఎంత ఉంది, ఎంత పోశారు అన్నది ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. 800 ఇంజన్‌లో పట్టే ఆయిల్ మొత్తం కలిపి మూడు లీటర్ల లోపే. దాంట్లో లీటరు తగ్గిందంటే బేరింగుల ప్రాణం మీదికి వచ్చినట్టే. పాత ఇంజన్ కొంచెం ఆయిల్ తినడం మామూలే. రెండు ఆయిల్ మార్పుల మధ్య అర లీటరు పోయాల్సి వస్తే నేను పట్టించుకోను. వెయ్యి కిలోమీటర్లకి లీటరు పోతుంటే మాత్రం కారణం తేల్చాల్సిందే.

ఇక నీలి పొగ. నీలి పొగంటే ఆయిల్ కాలుతోందని అందరికీ తెలుసు. ఆయిల్ ఏ దారిన లోపలికి వస్తోందో మాత్రం పొగ రంగు చెప్పదు. పొగ ఎప్పుడొస్తోందో అదే చెబుతుంది.

మా మేనల్లుడి బండి 2006 మోడల్ 800. స్టార్ట్ చేయగానే నీలంగా ఒక దమ్ము పొగ, కాసేపటికి మాయం. నందినీ రోడ్డులో ఒక గ్యారేజీకి తీసుకెళితే, బానెట్ ఎత్తి యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కించి, "రింగ్-పిస్టన్ గయా సాబ్" అని చెప్పేశారు. ఇంజన్ మొత్తం దించి, బోర్ చేయించి, పిస్టన్లు మార్చాలని లెక్క రాసి ఇచ్చారు. కొలిచింది ఏమీ లేదు. ఆ కాగితం పట్టుకుని వాడు మా ఇంటికి వచ్చాడు. "మావయ్యా, ఇంత పెట్టడం కంటే అమ్మేస్తేనే నయం కదా" అన్నాడు. "ఎల్లుండి విజయనగరం పెళ్లికి వెళుతున్నాం కదరా, ఇదే బండిలో వెళదాం. దారిలో చూసి చెబుతాను" అన్నాను.

భిలాయి నుంచి మనవాళ్లు విజయనగరం వెళ్లే దారి ఇంజన్‌కి మంచి పరీక్ష. రాయపూర్, ధమ్తరి, కాంకేర్ దాటాక కేస్కాల్ ఘాటు ఎక్కాలి. జగదల్‌పూర్, కొరాపుట్ మీదుగా వెళ్లి, సుంకి నుంచి సాలూరు దాకా ఘాటు దిగాలి. నేను వెనక సీట్లో కూర్చుని అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. కేస్కాల్ ఎక్కేటప్పుడు నలుగురు మనుషులం, డిక్కీ నిండా సామాను, రెండో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఎక్కించాడు. వెనకాల పొగన్నది లేదు. సుంకి దగ్గర దిగుడు మొదలయ్యాక మూడో గేరులో వేసి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయమన్నాను. చాలాసేపు అలాగే దిగాం. కింద చదును రోడ్డు తగలగానే కాలు పెట్టాడు. అంతే, వెనకాల నీలంగా గుప్పుమంది. వెనక వస్తున్న మోటారు సైకిలాయన కనిపించనంత. నాలుగు క్షణాల్లో విడిపోయింది. మళ్లీ ఏమీ లేదు.

నాకు కావలసిన జవాబు అక్కడే దొరికింది. కాలు తీసేసి దిగుతున్నప్పుడు గాలి వెళ్లే తలుపు, అంటే థ్రాటిల్, మూసుకుని ఉంటుంది. చక్రాలు ఇంజన్‌ని తిప్పుతూనే ఉంటాయి. పిస్టన్లు కిందికి దిగినప్పుడల్లా గాలి అందక లోపల గట్టిగా పీల్చుడు పుడుతుంది. హెడ్ మీద వాల్వుల కాడలు గైడులో కదులుతుంటాయి. ఆ కాడల వెంట ఆయిల్ కిందికి జారకుండా ఒక్కోదానికీ చిన్న రబ్బరు టోపీ ఉంటుంది. దాన్నే వాల్వ్ సీల్ అంటారు. ఆ రబ్బరు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడిపోతే, ఆ పీల్చుడుకి ఆయిల్ కాడ వెంట లోపలికి దిగిపోతుంది. దిగుడు అంతా పోగైన ఆయిల్, కాలు పెట్టగానే ఒక్కసారి కాలుతుంది. పొద్దున్న స్టార్ట్ చేయగానే వచ్చే పొగ కూడా అదే. రాత్రంతా బొట్టు బొట్టుగా కిందికి దిగిన ఆయిలే అది. సిగ్నల్ దగ్గర చాలాసేపు ఐడిల్‌లో ఆగి, కదిలేటప్పుడు పొగ వచ్చినా అనుమానించాల్సింది సీళ్లనీ గైడులనీ.

రింగులు అరిగితే లెక్క వేరు. ఎక్కుడులో, బరువు లాగేటప్పుడు లోపల మంట పీడనం ఎక్కువగా ఉంటుంది. ఆ పీడనం రింగుల సందుల్లోంచి కిందికి తన్నుతుంది. సిలిండర్ గోడల మీద మిగిలిన ఆయిల్ ప్రతి చుట్టులోనూ కాలుతూనే ఉంటుంది. అప్పుడు పొగ ఎడతెరిపి లేకుండా వస్తుంది, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పెరుగుతుంది. రింగులు బాగా పాడైన బండి కూడా దిగుడు తరవాత పొగ వదలొచ్చు. కాబట్టి ఘాటు చెప్పిన సంగతిని గేజీతో సరిచూసుకోవాలి.

తిరిగి వచ్చాక సుపేలాలో నాకు తెలిసిన పాత మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. ఇంజన్ వేడిగా ఉండగానే మూడు ప్లగ్గులూ తీయించాను. పెట్రోలు, కరెంటు అందకుండా కనెక్షన్లు తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో రంధ్రంలో కంప్రెషన్ గేజీ పెట్టి సెల్ఫ్ కొట్టించాం. 160, 155, 160 పీఎస్ఐ. మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆ వయసు ఇంజన్‌కి అంతకంటే ఏం కావాలి? ప్లగ్గులు చూస్తే రెండింటి కొన లేత బిస్కెట్ రంగు. మధ్య సిలిండర్ ప్లగ్గుకి మాత్రం ఒక పక్కనే నల్లగా గట్టి పెచ్చు. చుట్టూ తడిగా, జిడ్డుగా ఉంటే రింగుల మీద అనుమానం పడాలి. ఒక పక్కనే పెచ్చు కట్టిందంటే ఆయిల్ ఆ వైపు వాల్వు మీంచి జారుతోందన్నమాట.

హెడ్ దించకుండానే సీళ్లు మార్చాడు మిస్త్రీ. ఆ పని చూసి తీరాలి. వాల్వు స్ప్రింగు విప్పితే వాల్వు సిలిండర్‌లోకి జారిపోతుంది. అలా జారకుండా ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడు చుట్టలు చుట్టలుగా లోపలికి పంపాడు. చివర మాత్రం బయటే ఉంచాడు. క్రాంక్ పుల్లీకి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పాడు. పిస్టన్ పైకి వచ్చి, తాడుని నొక్కి, వాల్వులని కిందనుంచి గట్టిగా పట్టుకుంది. అప్పుడు రాకర్లు తప్పించి, స్ప్రింగుని అదిమి, గోరంత ఉండే రెండు లాకులని అయస్కాంతంతో తీశాడు. పాత సీల్ ప్లయర్‌తో లాగితే రబ్బరులా రాలేదు, పెళుసుగా విరిగి ముక్కలుగా వచ్చింది. నా అరచేతిలో పెట్టాడు. గోరుతో నొక్కితే గుంట పడలేదు. కొత్త సీలు పక్కన పెట్టి నొక్కితే మెత్తగా అణిగింది. ఆరు వాల్వులు, ఆరు సీళ్లు, ఒక పూట పని. ఖర్చు వందల్లో తేలింది. నందినీ రోడ్డులో రాసిచ్చిన లెక్క వేలల్లో ఉంది. మేనల్లుడు బండి అమ్మలేదు.

అన్ని కథలూ ఇలా ముగియవు. షెడ్డులో నాతో పనిచేసినాయన జెన్ సంగతే తీసుకోండి. దాని కంప్రెషన్ 150, 145, 95, 150. తక్కువ చూపించిన సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాం. 95 కాస్తా 135 అయింది. పోసిన ఆయిల్ రింగుల సందులని కాసేపు మూసింది కాబట్టి పీడనం పెరిగింది. అంటే లోపం రింగుల్లోనే. ఆయిల్ పోసినా పెరగకపోతే వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదన్నమాట, లేకపోతే హెడ్ గాస్కెట్ పోయిందన్నమాట. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే గాస్కెట్ ఆ రెండింటి మధ్యే కాలి ఉంటుంది.

ఆ జెన్ రింగులు ఎందుకు పోయాయో కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో ఇది మామూలైపోయింది. రేడియేటర్‌లో కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోశారు. లోపల సున్నం పొర కట్టింది. మే నెలలో 45 డిగ్రీల ఎండలో ఇంజన్ కాగిపోయినా అలాగే నడిపారు. అంత వేడికి రింగుల స్ప్రింగుగుణం పోతుంది. పోయింది మళ్లీ రాదు. టౌన్‌షిప్‌లో రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండ్లకి ఇంకో జబ్బు. పిస్టన్‌కి ఉండే మూడు రింగుల్లో కిందిది ఆయిల్‌ని గీకి కిందికి పంపేది. దాని వెనక రంధ్రాలు బొగ్గుతో మూసుకుపోతాయి. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్ పాడవుతుంది, కిలోమీటర్లు తిరగలేదు కదా అని ఆయిల్ మార్చరు. నా మాట వింటే అలాంటి బండికి కిలోమీటర్లు చూడకుండా ఆరు నెలలకోసారి ఆయిల్ మార్చేయండి. కేవలం బొగ్గుతో బిగిసిన రింగులైతే మంచి ఆయిల్, అప్పుడప్పుడు రాజనందగావ్ దాకా ఒక దూరపు పరుగు, ఈ రెండింటితోనే కొంత తెరుచుకున్న సందర్భాలున్నాయి.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడటం తేలికైన పరీక్ష. కొంచెం ఆవిరి వస్తే ఫరవాలేదు. దమ్ము కొట్టినట్టు గుప్పు గుప్పుమని తన్నుకొస్తుంటే మిస్త్రీలు 'బ్యాక్ కంప్రెషన్' అంటారు. వెంటనే రింగుల మీద తీర్పు చెప్పేస్తారు. ఆగండి. ఇంజన్ కడుపులోని ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వు, దాని గొట్టం జిడ్డుతో మూసుకుపోయినా ఇలాగే తన్నుతుంది. ఆ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోతే ఇన్‌టేక్ నేరుగా ఆయిల్‌నే పీల్చుకుని నీలి పొగ వదులుతుంది. అది చవకైన భాగం. మొదట చూడాల్సింది అదే, చివరికి గుర్తొచ్చేదీ అదే.

తెల్ల పొగ చూసి కంగారు పడేవాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో ఎక్కువ. లీటరు పెట్రోలు కాలితే దగ్గర దగ్గర లీటరు నీళ్లు పుడతాయి. చలిపొద్దున అది ఆవిరై కనిపిస్తుంది, సైలెన్సర్ కొసన బొట్లు బొట్లుగా కారుతుంది. ఇంజన్ వేడెక్కాక మాయమైతే దాని జోలికి వెళ్లక్కర్లేదు. మండు వేసవిలో, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు కూడా తెల్లగా వస్తూ, రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే, చల్లటి ఇంజన్‌లో రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూడండి. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ పని. కూలెంట్ వాడే బండి పొగ కాస్త తియ్యటి వాసన వేస్తుంది. ఉత్త నీళ్లు పోసిన బండికి ఆ ఆనవాలు ఉండదు. ఆయిల్ మూత లోపల మీగడలాంటి జిగురు కనిపించినంత మాత్రాన గాస్కెట్ పోయిందని అనుకోకండి. చిన్న చిన్న ప్రయాణాల చెమ్మ కూడా అలాగే పేరుకుంటుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా పాలు కలిసినట్టుంటేనే భయపడాలి.

నల్ల పొగ పెట్రోలు ఎక్కువైందని చెబుతుంది. మన ఊళ్లో మొదటి ముద్దాయి ఎయిర్ ఫిల్టర్. ప్లాంటు దుమ్ము, లారీల దుమ్ము కలిసి త్వరగా మూసేస్తాయి. పాత కార్బొరేటర్ బండ్లలో చోక్ ఇరుక్కుపోతుంది. ఇంజెక్షన్ బండ్లలో ఆక్సిజన్ సెన్సరో, వేడి చెప్పే సెన్సరో తప్పు చెబుతుంది.

డీజిల్ కార్లకి ఒకే హెచ్చరిక. టర్బో సీలు పోయి ఇంజన్ తన ఆయిల్‌నే ఇంధనంగా కాల్చడం మొదలుపెడితే తాళం తీసినా ఆగదు. డీజిల్ ఇంజన్‌ని ఆపాలంటే గాలో, ఇంధనమో ఆగాలి. ఇక్కడ ఆయిలే ఇంధనమైంది. టర్బో బండి నీలంగా పొగ వదులుతుంటే వాయిదా వేయకండి.

కొందరు చిక్కటి ఆయిల్, పొగ ఆపే మందు సీసాలు పోయిస్తారు. మన ఎండలకి పాత ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోయడంలో తప్పు లేదు. సీసా మందు మాత్రం పొగని దాచిపెడుతుంది. అమ్మబోయే బండిలో అది పోసి పక్కవాడికి అంటగట్టడం నాకు నచ్చని పని. పీయూసీ సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. పెట్రోలు కారుకి అక్కడ కొలిచేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. భారత్ స్టేజ్ 2, 3 బండ్లకి 0.5 శాతం, 750 పీపీఎం హద్దు. అంతకుముందు బండ్లకి 3 శాతం, 1500 పీపీఎం. కొలత ఐడిల్‌లో తీస్తారు. ఘాటు దిగాక వచ్చే పొగ ఆ కొలతకి దొరకదు.

నీలి పొగని ఏళ్ల తరబడి వదిలేస్తే నష్టం ఇంజన్‌తో ఆగదు. ఇంజన్ ఆయిల్‌లో ఉండే ఫాస్ఫరస్, జింకు కాలి వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పొరలా పేరుకుంటాయి. లోపలి తేనెపట్టులాంటి పింగాణీ మూసుకుపోతే బండికి దమ్ము అందదు. వేగం పెరగదు, ఎక్కుడులో ఆయాసపడుతుంది. వాక్యూమ్ గేజీ పెట్టి చూస్తే బాగున్న ఇంజన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. 2500 ఆర్‌పీఎం దగ్గర కాసేపు పట్టి ఉంచినప్పుడు ముల్లు మెల్లమెల్లగా పడిపోతుంటే ఎగ్జాస్ట్ మూసుకున్నట్టు. గ్యారేజీల్లో చాలాచోట్ల కన్వర్టర్ కోసేసి ఉత్త గొట్టం అతికేస్తామంటారు. ఒప్పుకోకండి. పెద్దవాళ్లు నడకకి వెళ్లే రోడ్లు, పిల్లలు సైకిళ్లు తొక్కే రోడ్లు ఇవి. ఆ విషం పీల్చేది వాళ్లే. ముందు ఆయిల్ కాలడం ఆపించి, తరవాత కన్వర్టర్ మార్పించండి. క్రమం తప్పితే కొత్తదీ పాడవుతుంది.

ఇక అన్నిటికంటే ముందు సరిచేయించుకోవాల్సింది సైలెన్సర్ గొట్టం కారడం. దూరం వెళ్లని బండిలో పెట్రోలు కాలి పుట్టిన నీళ్లు సైలెన్సర్‌లోనే నిలిచి లోపల్నుంచి తుప్పు తింటాయి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ముందువైపు 'టిక్ టిక్' మని చప్పుడు, వేడెక్కాక తగ్గితే మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర సందు ఉన్నట్టు. అక్కడ మసి గీతలు కూడా కనిపిస్తాయి. ఇంజన్ చల్లగా ఉండగానే సైలెన్సర్ కొసన మందపాటి తడిగుడ్డ ఒక్క క్షణం అడ్డం పెట్టించి, ఇంకొకరు పక్కనుంచి వింటే ఎక్కడ బుస్సుమంటోందో తెలిసిపోతుంది. ఇదంతా ఆరుబయటే చేయాలి. షట్టరు వేసిన గ్యారేజీలో ఇంజన్ నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. అడుగున గొట్టం చిల్లు పడి, ఫ్లోర్‌లో తుప్పు రంధ్రాలుండి, డిక్కీ రబ్బరు ఊడిపోయి ఉంటే అది నేరుగా వెనక సీట్లోకి వస్తుంది. అద్దాలు ఎత్తి ఏసీ వేసుకుని వెళుతుంటే వెనక కూర్చున్నవాళ్లకి తలనొప్పి, వికారం, మగత వచ్చాయంటే ప్రయాణపు బడలిక అనుకోకండి. వెంటనే అద్దాలన్నీ దించి, బండి ఆపి, అందర్నీ దింపండి. తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లి, కారు పొగ పీల్చారని డాక్టరుకి చెప్పండి. ఆ గొట్టానికి వెల్డింగ్ పడే దాకా అందులో ఎవర్నీ ఎక్కించకండి.